తిట్లు లేని పాటలు

మా నాయన పాట కంటే తిట్టు బాగుంటుందని మా ఊళ్లో అందరూ ఒప్పుకునేవాళ్లు. ఆయన చెక్కభజన గురువు. కణేకల్ దగ్గర మా ఊరి రాములవారి గుడి ముందు శనివారం శనివారం పదిహేను మంది చేత చెక్కలు పట్టించి, కాళ్లకు గజ్జెలు కట్టించి అడుగులు వేయించేవాడు. ఒక పాట ముగించి ఇంకోటి ఎత్తుకునే ముందు ఎవర్నో ఒకర్ని తిట్టకపోతే ఆయనకు గొంతు తెరుచుకునేది కాదు. ఆ తిట్లలో ముప్పాతిక భాగం మద్దెల వాయించే ఆయనకే. "రేయ్, నిద్ర పోతాండావా? తాళం యాడ పారేసినావురా?" అనేవాడు. జనం పగలబడి నవ్వేవాళ్లు. ఆ నవ్వు మీదనే పాట అందుకునేవాడు.

తొంభైల చివర, నేను డిగ్రీ చదివే రోజుల్లో, టేప్‌రికార్డరు గుడి అరుగు మీద పెట్టుకుని పక్కనే కూర్చుని ఆ భజనలన్నీ క్యాసెట్లకు ఎక్కించాను. నాయన పోయాక ఆ క్యాసెట్లకు బూజు పట్టడం మొదలైంది. అప్పటికి నాకు అనంతపురంలో ఉద్యోగం, ఇంట్లో ఒక కంప్యూటరు. టేప్‌రికార్డరుకూ దానికీ మధ్య ఒక వైరు తగిలించి, క్యాసెట్లు పాడిస్తూ లోపలికి ఎక్కించాను. గంట పాట ఎక్కాలంటే గంట సేపు కాపలా కూర్చోవాలి. చాలా ఆదివారాలు అట్లా గడిచాయి. "మామ పోయినా ఆయప్ప తిట్లు మాత్రం ఇల్లు వదల్లేదు" అని నా భార్య విసుక్కునేది.

ఫైళ్లకు నేను పాటల పేర్లు పెట్టలేదు. తిట్ల పేర్లు పెట్టాను. 'నిద్ర పోతాండావా' ఒకటి, 'చేతులు పడిపోయినాయా' ఒకటి. పాట కావాలంటే పక్క ఊరి భజనకు పోయి కూర్చుంటే చాలు, అవే పాటలు పాడతారు. నాకు కావలసింది మా నాయన. ఆయన ఉన్నదంతా ఆ తిట్లలోనే. క్యాసెట్లు ఎటూ పాడైపోయాయి కాబట్టి ఎత్తి పారేశాను.

తర్వాత కొన్నేళ్లకు సెకండ్‌హ్యాండ్‌లో ఒక కారు కొన్నాను. కొన్నది ఊరికి పోయి రావడానికని ఇంట్లో చెప్పాను గానీ, అసలు ఆశ వేరే. కారు తోలుతూ మా నాయన చేత తిట్టించుకోవాలి. పాటలు పెన్‌డ్రైవ్‌లో వేసి స్టీరియోకు తగిలిస్తే అది ఏ ఫైలూ లేదని చూపించింది. నాలుగు సార్లు పీకి పెట్టినా అదే మాట. కోపమొచ్చి దాన్ని ఒకటి చరిచాను కూడా. పెన్‌డ్రైవ్‌లోవి చెరిపేసి ఆఫీసు పనికి వాడుకున్నాను.

టౌన్‌లో కంప్యూటర్ సెంటర్ పెట్టుకున్న ఒకడున్నాడు. మా ఊరివాడే, నాకంటే చిన్నవాడు. మద్దెల వాయించిన ఆయన కొడుకే. వాళ్ల నాయన కూడా అప్పటికి లేడు. ఈ పనికి వాడికంటే తగిన మనిషి ఎవరుంటారు, వాళ్ల నాయన చేతి దెబ్బ కూడా అందులో ఉంది కదా అనుకుని పోయాను.

"కారు సెట్లకు ఎంపీత్రీ తప్ప తెలీదన్నా. నీవన్నీ పెద్ద పెద్ద ఫైళ్లు. కన్వర్ట్ చేయల్ల. హార్డ్‌డిస్కు పీక్కోని రా, ఒకేసారి చేసిస్తా" అన్నాడు.

ఎటూ నా కంప్యూటరు పాతబడిపోయింది. డిస్కు ఊడబీకి, తువ్వాలులో చుట్టి తీసుకుపోయి వాడి చేతిలో పెట్టాను.

"వేరే కాపీ ఉండాదా అన్నా?" అని అడిగాడు.

"నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్లే కదప్పా" అన్నాను.

వారం దాటాక ఒక సీడీ ఇచ్చాడు. దాని మీద స్కెచ్ పెన్‌తో 'పెద్దాయన భజనలు' అని రాసి ఉంది. ముచ్చటపడ్డాను. మరుసటి రోజే ఊరికి బయలుదేరి, టౌన్ దాటగానే సీడీ లోపలికి తోశాను. స్టీరియో మీద ఒకటి అని అంకె వచ్చింది. నేను పెట్టిన పేరు లేదు. పాట నేరుగా మొదలైంది. సరే, మొదటిది ఏదో అయ్యుంటుందిలే అని రెండోదానికి పోయాను. అదీ అంతే. మూడు, నాలుగు, పది. ప్రతి పాటా శుభ్రంగా, ముఖం కడిగి బొట్టు పెట్టినట్లు మొదలై, శుభ్రంగా ముగిసిపోతోంది. ఒక్క తిట్టు లేదు. ఒక్క నవ్వు లేదు. రోడ్డు మీదనే కారు వెనక్కి తిప్పాను.

"తిట్లేవి?" అన్నాను లోపలికి పోతూనే.

"పాటలే కదన్నా కావల్సింది. మధ్యలో ఆ మాటలు వేస్టని తీసేసినా."

"నా డిస్కు నాకియ్యి."

"డిస్కు పోయేట్లుండె. ఫార్మాట్ చేసినా."

"అబద్ధం చెప్పొద్దు."

వాడు ముందున్న కంప్యూటరు తెర ఆపేశాడు. "సరే, అబద్ధమే. డిస్కు బాగానే ఉండె, కావాలనే తుడిచేసినా" అన్నాడు. "అన్నీ కూచోని విన్న్యా అన్నా. ఒక్కటి కూడా ఇడిసిపెట్టల్యా. పాట పాటకూ మా నాయనను రేయ్ అంటాడు మీ నాయన. మా నాయన ఆయన కంటే ఆరేండ్లు పెద్ద. తెలుసా నీకు?"

తెలుసు. ఊళ్లో అందరికీ తెలుసు.

"గొడ్లు కాసేవానికి మద్దెలిస్తే ఇట్లనే ఉంటాది, అన్న్యాడు ఒకసారి. దానికి ఫైలు పేరు కూడా పెట్టుకున్యావు."

"తమాషాకప్పా అది! మీ నాయన కూడా నవ్వుతాండె."

"మా నాయన నవ్వు యాడుందో చూపియ్యి. హెడ్‌ఫోన్ పెట్టుకోని ఎతికినా. యాడా లేదు. గట్టిగా ఇనపడేది నీ నవ్వే. టేపు పక్కన నువ్వే కదా కూచున్యావు."

"నాతో ఒక్క మాట అనుండొచ్చు కదరా" అన్నాను. ఆ 'రా' నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"అడిగుంటే తీసేయనిచ్చేవానివా?"

ద్రోహివి అన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. మా నాయన పోలికే కదా, నోరు నాకూ ఉంది. బయటికొచ్చి కార్లో కూర్చున్నాక నాకు ఏడుపొచ్చింది. మా నాయనను రెండోసారి మట్టిలో పెట్టొచ్చినట్లుంది. నమ్మి చేతికిస్తే ఇంత పని చేస్తాడా అని ఆ ఏడాదంతా కనపడిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. పాటల మధ్య మాటలు కోసేశాడని చెప్పాను. అవి ఏ మాటలో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

సీడీ కార్లోనే పడి ఉంది. పారేయడానికి చేయి రాలేదు, వినడానికి మనసు రాలేదు. మరుసటి ఏడు శెనక్కాయ పీకే కాలంలో ఒంటరిగా ఊరికి పోతూ, విసుగు పుట్టి పెట్టాను. తిట్టు కోసం ఎదురుచూడకుండా మా నాయన పాట మొదటి నుంచి చివరిదాకా విన్నది అదే మొదటిసారి. వేలితో స్టీరింగు మీద తాళం వేసుకుంటూ తోలుతున్నాను. మూడో చరణంలో వేలు తప్పింది. నేనే తప్పాననుకుని వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. మళ్లీ అక్కడే తప్పింది. కారు రోడ్డు పక్కకు ఆపాను.

నాయన ఉత్సాహంలో తాళం కంటే ముందుకు ఉరికేవాడు. మద్దెల ఒక్క క్షణం ఆగి, రెండు గబగబ దెబ్బలతో ఆయనను అందుకుని, ఏమీ జరగనట్లు పక్కన నడిచేది. గజ్జెలవాళ్లు మద్దెలనే నమ్ముకుని అడుగు మార్చుకునేవాళ్లు. తర్వాత పాటలోనూ అదే. దాని తర్వాతదాంట్లోనూ అదే. చేల మధ్య ఆ కార్లో కూర్చుని అన్నీ విన్నాను. మద్దెల ఒక్కచోట కూడా తప్పలేదు. తప్పిన ప్రతిచోటా తప్పింది మా నాయన. తిట్టు మాత్రం మద్దెలకు పోయేది.

భజన గురువు ఆయన. తాళం ఎవరిది తప్పిందో ఆయనకు తెలియకుండా ఉండదు. తెలిసే తిట్టాడు. తెలిసే, టేపు పక్కన కూర్చున్న నన్ను కూడా నవ్వనిచ్చాడు.