పై డబ్బుల కోడలు

"ఫోనులో నేనన్నది ఒక్క మాటేనండీ, 'ఈసారి పై డబ్బులు బాగా వచ్చాయి' అని. పక్క గదిలోంచి మా అత్తగారు విన్నారు. సాయంత్రానికల్లా పెట్టె సర్దేశారు."

చెబుతున్నావిడ మా కింది వాటాలో ఉంటారు. మందులు కనిపెట్టే ఒక కంపెనీలో లెక్కలు రాస్తారు. దాని షేర్లు బజారులో ఎవరైనా కొనుక్కోవచ్చు కానీ, అమ్మడానికి ఇంకా ఒక్క మందూ లేదు. చేతుల వణుకు తగ్గించే మందు ఏళ్ల తరబడి పరీక్షల్లోనే ఉంది.

అత్తగారికి ఆ వణుకే. బట్టలు కుట్టి కొడుకును చదివించిన మనిషి. మిగిలిన గుడ్డ పీలిక కూడా బట్ట ఇచ్చినవాళ్లకే తిరిగిచ్చేసేవారట. పై డబ్బులంటే ఆవిడకు తెలిసిన అర్థం ఒక్కటే, లంచం. ఆ కూడు తినేకంటే కూతురింట్లో ఓ మూల పడుంటానన్నారు.

"మరి మీవారు?"

"బాల్కనీలో మొక్కలకు నీళ్లు పోయడానికెళ్లారు. మాకు మొక్కల్లేవు."

చేసేది లేక ఆవిడ అత్తగారి గుండీల డబ్బా తెచ్చి, ఒక గుండీ తీసి చేతిలో పెట్టారట.

"షేరు మీద అచ్చేసిన వెల ఈ గుండీ పాటిదే, అత్తయ్యా. కొత్త షేర్లకని జనం మా కంపెనీకి ఇచ్చింది పట్టుబట్టల వెల. ఆ తేడానే మేం పై డబ్బులంటాం. అందరూ చదివేలా అచ్చేస్తాం కూడాను. లంచం ఎవరైనా అచ్చేసుకుంటారా?"

"లేని మందుకి అంత ఎందుకిచ్చారే?"

"వస్తుందని."

"ఏదీ ఆ డబ్బు?"

"పరీక్షలకు చాలామటుకు ఖర్చయింది."

"అయితే ఆ అంకె కొట్టేశారా?"

"కొట్టెయ్యం. నష్టాన్ని వేరే వరుసలో రాస్తాం. ఇచ్చింది మాత్రం ఇచ్చినట్టే ఉంటుంది."

నేను నమ్మలేనట్టు చూశానేమో, ఆవిడ ఫోనులో కంపెనీ లెక్కల పేజీ తెరిచి చూపించారు. పై డబ్బుల వరుసలో ఉన్నన్ని అంకెలు నేనెన్నడూ చూడలేదు. దాని కిందే, ఇంచుమించు అంతే పొడుగున, నష్టం. పైనున్న వరుస మాత్రం చెక్కుచెదరలేదు. ముక్కూ మొహం తెలియని ఎందరో గుండీ పుచ్చుకుని పట్టుబట్టల వెల ఇచ్చి వెళ్లారు.

"అత్తగారేమన్నారు?"

"'వాళ్లలో ఎవరికైనా చేతులు వణుకుతాయా?' అనడిగారు. తెలీదన్నాను. పెట్టె ఇంకా విప్పలేదు. కానీ పొద్దున మావారి చొక్కా అడిగి తీసుకున్నారు, ఆ గుండీ కుట్టడానికి. దారం సూదిలోకి ఎక్కడం లేదు. నన్ను ఎక్కించనివ్వరు."

లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది. ఆవిడ గొంతు తగ్గించారు.

"మీరు బజారుకేగా, అన్నయ్యగారూ? పెద్ద బెజ్జమున్న సూదులు ఒక పొట్లం తెచ్చిపెట్టండి. అట్ట మీద అచ్చేసిన వెలే ఇవ్వండి. పైన చిల్లిగవ్వ ఇచ్చారని తెలిసిందా, ఈసారి పెట్టెతో గుమ్మం దాటేస్తారు."