నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చెప్పనన్నారు

"అది చెప్పకూడదమ్మా" అనే మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండిపోతుంది. బ్యాంకులో అన్నా, కరెంటాఫీసులో అన్నా, ఎంత చిన్న విషయానికి అన్నా సరే. అక్కడే నిలబడి గొడవ పెట్టుకుంటాను. మా పిల్లలు సిగ్గుపడి పక్కకు జరుగుతారు. జరగనీ. ఆ మాటను కరీంనగర్‌లో ఒక ఇంజనీరు మా బాపు మొహం మీద ఎలా అన్నాడో వాళ్లు చూడలేదు.

మాది వాగు ఒడ్డున ఉన్న ఊరు. వాగు మీద సర్కారు కట్ట కట్టడం మొదలుపెట్టినప్పుడు నేనింకా బడికి పోతున్నాను. సర్వేవాళ్లు వచ్చి ఊరికి ఎగువన వరసగా రాళ్లు పాతి, వాటికి ఎర్ర రంగు పూశారు. "ఈ రాళ్లు దాటి నీళ్లు రావు. పైకి పోయి ఇళ్లు కట్టుకోండి" అన్నారు. మావాళ్లు నమ్మారు. నమ్మక ఏం చేస్తారు, చెప్పింది సర్కారు మనుషులు కదా.

మా దగ్గర ఇల్లు విప్పితే వదిలేసేది మట్టి గోడలనే. దూలాలు, వాసాలు, గూనపెంక, దర్వాజలు అన్నీ బండ్లకెక్కించి తెచ్చుకుంటారు. మా తాత చేయించిన టేకు దర్వాజ అలాగే కొత్త ఇంటికి వచ్చింది. ఇంకో వింత కూడా చేశారు మావాళ్లు. పాత ఊళ్లో ఎవరి పక్కన ఎవరుండేవారో, కొత్త చోట కూడా సరిగ్గా అదే వరసలో కట్టుకున్నారు. ఎవరి ఇంటి మోరి నీళ్లు ఎవరి వాకిలి ముందు నుంచి పారుతాయో, ఆ తగాదాలతో సహా తెచ్చుకున్నారు. రాళ్లకు ఇంకా దూరంగా, ఇంకా ఎత్తుకు పోవచ్చు. పోలేదు. పైకి పోతే బావి తవ్వినా నీళ్లు పడవనీ, మునగకుండా మిగిలిన మెట్ట చెలకలకు దూరమవుతుందనీ రాళ్లను ఆనుకునే కట్టుకున్నారు.

మా ఇంటికి ఎగువన పెద్దవ్వ ఇల్లు. మాకు చుట్టమేమీ కాదు, అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. భర్త పోయాడు. ఒక్కగానొక్క కొడుకు నస్పూర్‌లో బొగ్గుబాయిలో పనికి కుదిరి కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాడు. ఆమె గిన్నెలు కడిగిన నీళ్లు మా వాకిలి ముందు నుంచి పారేవి. ఆ మోరి దగ్గర మా అవ్వకూ, అంటే మా అమ్మకూ, ఆమెకూ పాత ఊళ్లో మొదలైన కొట్లాట కొత్త ఊళ్లోనూ ఆగలేదు. కొట్లాడుకున్న రోజే సాయంత్రం ఒకరింటికి ఒకరు కూర పంపుకునేవారు కూడా.

కట్ట పూర్తయింది. నీళ్లు నిలిచాయి, రాళ్లకు చాలా దిగువనే. కొన్నేళ్లు నిశ్చింతగా గడిచాయి. అప్పుడు ఒక ఎండాకాలం లారీల్లో పెద్ద పెద్ద ఇనుప రేకులు రావడం మొదలైంది. కిందటి వానలకు కూలిన ఇంటి వెనక గోడను బాపు మళ్లీ పెట్టిస్తున్నాడు. రోడ్డు మీదికి పోయి డ్రైవర్‌ను అడిగి వచ్చి, మేస్త్రీని పని ఆపమన్నాడు.

"కట్ట మీదికి గేట్లు పెడ్తరట. గేట్లు పెడితె నీళ్లు ఇంక పైకి లేస్తయి గద" అన్నాడు.

ఆ గోడ నడుమెత్తు వరకు లేచి ఆగిపోయింది. నీళ్లు వచ్చేటట్టయితే వానలకు ముందే ఇల్లు విప్పుకోవాలి. కలప మిగులుతుంది, పెంక మిగులుతుంది. రానట్టయితే గోడ పూర్తి చేసుకుని బతకాలి. మాకు తెలియాల్సింది అదొక్కటే. అవ్వకు రోజూ ఇదే నస. "కట్టుడా, విప్పుడా, ఏదన్న ఒకటి చెయ్యి. గిట్ల గోడ లేని ఇంట్ల ఎన్ని దినాలుండాలె?"

నేను అప్పటికి ఇంటర్ పాసై టీచర్ ట్రైనింగ్ కోసం ఎదురుచూస్తున్నాను. చదువుకున్న బిడ్డనని బాపు నన్ను వెంటబెట్టుకుని కరీంనగర్ పోయాడు. ఇంజనీరు గదిలో ఆయన వెనక గోడకు పెద్ద పటం వేలాడుతోంది. వాగు, కట్ట, దాని వెనక నీలం రంగు గీత. మా ఊరి పేరు వెతుకుదామని నేను ఒక అడుగు ముందుకేశాను. ఆయన లేచి, పటం మీదికి తెర లాగాడు. మా కళ్ల ముందే. దేవుడి పటానికి తెర వేసినంత శ్రద్ధగా.

బాపు చేతులు కట్టుకుని అడిగాడు. "సారూ, గేట్లు పెట్టినంక నీళ్లు యాడిదాక వస్తయి? మా ఇండ్లు ఉంటయా, మునుగుతయా? గంతే. ఇంకేం అడుగుత లేము."

"అది చెప్పకూడదు. కాన్ఫిడెన్షియల్."

"ఎందుకు సార్?" అన్నాను నేను.

ఆయన నా వైపు చూడలేదు. బాపుతోనే అన్నాడు. "చెప్తే రేపు పొద్దున్నకల్లా అక్కడ గుడిసెలు వేసేసి, బావులు తవ్వేసి పరిహారం అడుగుతారు. మీ సంగతి మాకు తెలియదేంటి?"

వాళ్లు పాతిన రాళ్లను చూసి, వాళ్లు చెప్పిన మాట విని, ఇల్లు విప్పి బండ్ల మీద మోసుకొచ్చినవాళ్లం మేము. రాళ్లు తప్పయితే ఆ తప్పు ఎవరిది? అది అడిగితే మేము దొంగలం.

"మేం దొంగలమా సారూ?" అన్నాడు బాపు, చాలా మెల్లగా.

"నేనలా అన్నానా?" అని ఇంజనీరు ఫైలు తెరిచాడు. అంటే మేము పోవచ్చని.

బయటకొచ్చాక బాపు మెట్ల మీద కూర్చుని చుట్ట తీసి, ముట్టించకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆ ఇంజనీరును నేను ఈ రోజుకీ క్షమించలేదు, క్షమించే ఉద్దేశం కూడా లేదు.

రాతపూర్వకంగా అడగమన్నారు. రాశాను. జవాబు లేదు. సోమవారం కలెక్టరు అర్జీలు తీసుకుంటాడంటే పోయి వరసలో నిలబడ్డాం. కలెక్టరు మర్యాదగానే విన్నాడు. అర్జీ మూలన "పరిశీలించి తగు చర్య తీసుకోగలరు" అని రాసి పంపాడు. ఎవరికి? ఆ ఇంజనీరుకే. కొన్నాళ్లకు కవరొచ్చింది. ప్రజా ప్రయోజనం దృష్ట్యా మీరు కోరిన సమాచారం ఇవ్వడానికి వీలుపడదు అని అందులో ఉంది. నేను గట్టిగా చదివి వినిపించాను.

అవ్వ పొయ్యి దగ్గర నుంచి అడిగింది. "ప్రజలంటె ఎవలే? మనం కామా?"

నేను కాగితం నలిపి పారేయబోతే బాపు చేయి పట్టుకున్నాడు. "ఉండనియ్యి. గది పట్టుకోని కోర్టుకు పోదాం" అన్నాడు. మా బాపు కోర్టు పేరెత్తిన మనిషి కాదు. పొలం గట్టు తగాదాలు కూడా కుల పెద్దల ముందే తేల్చుకునేవాడు.

మాకు దొరికిన వకీలు మంచివాడే. ఊరు మొత్తానికి నీళ్ల హద్దు చెప్పాలని దావా వేశాడు. సర్కారు వకీలు లేచి, ప్రాజెక్టు పటాలు రాజ్య రహస్యాలనీ, శత్రువుల చేతిలో పడితే దేశానికే ముప్పనీ వాదించాడు. నేను వెనక బల్ల మీద కూర్చుని వింటున్నాను. ఎవరయ్యా శత్రువు? గోడ లేని ఇంట్లో చలికి వణుకుతున్న మా అవ్వా? మోరి దగ్గర చీపురు పట్టుకుని తిట్టుకునే పెద్దవ్వా? ఆయన నల్లకోటు పట్టుకుని అడగాలనిపించింది. మా వకీలు నా మొహం చూసి, నోరు తెరవొద్దని సైగ చేశాడు.

అవతల గేట్ల పని సాగుతుండగానే వాయిదాల మీద వాయిదాలు పడి, ఏడాది దాటాక జడ్జి ఆ పటాన్ని తన గదికి తెప్పించుకుని చూశాడు. వచ్చి తీర్పు చెప్పాడు. మిగతా ఊరివాళ్లు కోర్టుకు రాలేదు గనుక వాళ్ల సంగతి ఇక్కడ తేల్చేది లేదు. దావా వేసినవాడి ఇల్లు ఒక్కదాని గురించి, మునుగుతుందో లేదో మాత్రం చెప్పండి. ఎంత లోతో అక్కర్లేదు, పటం చూపించనక్కర్లేదు.

ఇంజనీరు బోనులో నిలబడి, "మునుగుతుంది" అన్నాడు.

అంతే. ఆ ఒక్క మాట. దాని కోసం మా బాపు ఏడాదికి పైగా బస్సుల్లో నిలబడి తిరిగాడు. ఆ మాట ఆ రోజు ఆఫీసులోనే అని ఉంటే ఎవరి సొమ్మేం పోయేది? గెలిచామని వకీలు చేయి కలిపాడు. నాకు గెలిచినట్టు అనిపించలేదు, చెంప మీద కొట్టినట్టనిపించింది.

ఊరికొచ్చేసరికి మా వాకిట్లో జనం. "మన ఇల్లు మునుగుతదట" అన్నాడు బాపు. కోర్టు తమ సంగతి చెప్పలేదని దిగువ ఇళ్లవాళ్లు ఎవరూ బాధపడలేదు. వాళ్లు చూసింది మోరి వైపు. మా నీళ్లు ఎవరి ముంగిట్లో నుంచి పారతాయో, వాళ్ల నీళ్లు ఆ తరువాత ఎవరి ముంగిట్లోకి పోతాయో చిన్నపిల్లలకు కూడా తెలుసు. దాని మీద పుట్టినప్పటి నుంచీ తిట్లు వింటూనే ఉన్నారు. మా ఇల్లు మునిగితే మా దిగువన ఉన్నదంతా మునుగుతుంది. మరునాటి నుంచి దిగువ ఇళ్ల పెంక దిగడం మొదలైంది. దేశ రహస్యం సగం అలా మోరిలోనే బయటపడిపోయిందని నాకు పట్టరాని నవ్వొచ్చింది. చాలా రోజుల తరువాత అదే నవ్వడం.

మిగిలింది ఎగువ ఇళ్లు. మొట్టమొదటిది పెద్దవ్వది.

"నా సంగతేంది బిడ్డా? మీకన్న నేను జర మీదికే ఉన్న. నా దాక వస్తయా?" అని అడిగింది.

ఏమని చెప్పను? మా ఇంట్లోకి మోకాలి లోతు వస్తాయో, దూలాల దాకా వస్తాయో తెలిస్తే కదా. ఆ సంగతి అక్కర్లేదని జడ్జి కదా అన్నది.

"ఎవలింటి సంగతి వాళ్లే అడగాలె అన్నడు గద. నేనుగూడ అడుగుత" అని పెద్దవ్వ బాపుతో పాటు బస్సెక్కి పోయి వేలిముద్ర వేసి వచ్చింది. సర్కారు వకీలు జవాబుకు గడువు అడిగాడు. ఇచ్చారు. ఎండాకాలం కోర్టుకు సెలవులు. తెరిచాక మళ్లీ గడువు. మా కేసులో జడ్జి చూసిన పటమే, ఆ ఇంజనీరే. చూసి ఒక్క మాట చెప్పడానికి గడువెందుకు? వాయిదా దసరా దాటాక వేశారు.

ఈలోగా మేము ఇల్లు విప్పుకుని ఊరికి పైనున్న గుట్ట వారకు పోయాం. బాపు దర్వాజను భుజం పట్టి తానే మోశాడు. పెద్దవ్వ కొడుకు నస్పూర్ నుంచి వచ్చి తల్లిని బతిమాలాడు.

"ఇల్లు ఇప్పుదాం, నువ్వు నా తాన ఉండు. ఎందుకే గీ పరేషాన్?"

"మునగని ఇల్లు ఎట్ల ఇప్పుత రా? మీ బాపు కట్టిన ఇల్లు. ముందుగాల తెల్వనియ్యి. మునుగుతదంటె నా చేతులతోనే ఇప్పుకుంట."

ఆమె మొండిదని ఊళ్లో అన్నారు. నాకు కోపమొచ్చింది. ఆమె అడిగిందాంట్లో మొండితనం ఏముంది? నిలబడే ఇంటిని ఎవరైనా ఊరికే కూల్చుకుంటారా?

శ్రావణంలో ఎడతెగని వానలు. నీళ్లు నిలపడానికి గేట్లు దించేశారు. ఒక పొద్దున సర్కారు మనిషి డప్పు కొట్టుకుంటూ వచ్చి వెంటనే ఖాళీ చేయాలన్నాడు. మేము గుట్ట నుంచి పరిగెత్తి పోయేసరికే మా పాత ఇంటి మొండిగోడ నీళ్లలో ఉంది. పెద్దవ్వ ఇంట్లో నుంచి గుమ్మిలోని బియ్యం, ఇత్తడి బిందెలు, మంచం తేగలిగాం. పైకప్పు విప్పడానికి వ్యవధి ఎక్కడిది? మధ్యాహ్నానికి నీళ్లు ఆమె గడప దాటాయి. మట్టి గోడ కదా, నాని కూర్చుండిపోయింది. దూలాలూ పెంకా దాని మీదికి దిగిపోయాయి. పెద్దవ్వ ఏడవలేదు. మా అవ్వ ఏడ్చింది, గుండెలు బాదుకుని.

కొడుకు ఆమెను నస్పూర్ తీసుకుపోయాడు. వాయిదా నాటికి ఆమె రైలెక్కి, బస్సు మారి, ఒక్కతే కరీంనగర్ వచ్చింది. నేనూ బాపూ కోర్టు దగ్గర కలిశాం. ఇంజనీరు కూడా వచ్చాడు, పటాన్ని చుట్టచుట్టి పట్టుకుని. జవాబు చెప్పడానికి ఆ రోజు తీరిక దొరికినట్టుంది.

సర్కారు వకీలు లేచాడు. వాది చెప్పిన ఇల్లు ప్రస్తుతం అక్కడ లేదు, లేని ఇంటి గురించి సమాచారం ఇవ్వాల్సిన అవసరమూ లేదు, కనుక దావా కొట్టేయాలని అన్నాడు. జడ్జి తల ఊపి రాసుకున్నాడు.

"ఏమన్నరే?" అని పెద్దవ్వ నన్ను అడిగింది. చెప్పాను. ఆమె కొంగు నడుముకు చుట్టుకుని ముందుకు నడిచింది. ఎవరూ ఆపేలోపే అడిగింది.

"అయ్యా, మునిగింది నేను జూసిన. గది మీరు జెప్పే పని లేదు. నా ఇల్లు మునుగుతదని మీకు ముందుగాల ఎరుకనా, కాదా? గదొక్కటి జెప్పి కొట్టేయుండ్రి."

బంట్రోతు తరువాతి కేసు పేర్లు పిలిచాడు. నేను రెక్క పట్టుకున్నా ఆమె కదలలేదు. ఇంజనీరు లేచి, పటాన్ని చంకలో పెట్టుకుని, ఆమె చీర తగలకుండా పక్కకు ఒరిగి బయటకు పోయాడు.