కట్టు కింద స్విస్ వాచీ

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జనం జేబుల్లోకి దూరుతున్న రోజులవి. ఆకివీడు చుట్టుపక్కల ఎటు చూసినా చేపల చెరువులే, ఏ కాఫీ హోటల్లో కూర్చున్నా "ఈసారి దేంట్లో పెట్టారండీ?" అన్న మాటే. పెట్టడమంటే డబ్బు పెట్టడం. ఒకాయన స్థలాల్లో పెట్టేవాడు, ఒకాయన షేర్లలో, మరొకాయన ఈము పక్షుల్లో (నవ్వకండి, ఆ పక్షుల కోసం మనుషులు క్యూ కట్టిన కాలం అది). నాకు ఇరవై నాలుగేళ్లు. లోకంలో దేంట్లోనూ పెట్టని మగాణ్ణి నేనొక్కణ్ణే మిగిలిపోయానని అరికాళ్ళకు దురద పుట్టేది. రెండు నిమిషాలు కుదురుగా కూర్చోలేకపోయేవాణ్ణి. ఇప్పుడు ఆ కుర్రాడు ఎదురుపడితే ముందు కుర్చీలో కూర్చోబెట్టి, ఓ గ్లాసు మజ్జిగ చేతికిద్దును.

చేపల మేత, మందులు అమ్మే ఒక డీలరు దగ్గర నా ఉద్యోగం. ఏలూరులో అక్కా బావల ఇంట్లో ఉంటూ, పొద్దున్నే బండేసుకుని కొల్లేరు దాటి వెళ్ళి, చెరువుల్లో నీళ్ళు పట్టి పరీక్ష చేసి, ఏ మందు చల్లాలో రైతులకు చెప్పి వచ్చేవాణ్ణి. ఆకివీడులో సొంతంగా చిన్న చేపమందుల షాపు పెట్టాలన్నది నా కోరిక. నాదీ అనడం తప్పు, మాదీ అనాలి. మా అక్క ఇంట్లో కుట్టుమిషను తొక్కి సంపాదించిందంతా నా పొదుపుతో కలిపి నా పేరనే బ్యాంకులో వేసింది. "లెక్కలు నేను చూస్తానురా, తిరుగుడు నువ్వు చూసుకో" అనేది. షాపు గోడలకు ఏ రంగు వెయ్యాలో కూడా తనే నిర్ణయించింది.

ఆ సమయంలో మా డాలర్ మావయ్య వచ్చాడు. అమ్మకు దూరపు వరస తమ్ముడు. ఎన్నడూ దేశం దాటలేదు గానీ, ప్రతి మాటకీ డాలరు రేటు చెబుతాడు కనక ఆ పేరు. కైకలూరు దగ్గర ఆయనకు రెండు చెరువులుండేవి. ఆ రోజు ఆయన ఎడమచేతికి బరువైన వాచీ ఒకటి మెరుస్తోంది. నా చూపు అక్కడే ఆగిపోవడం ఆయన కనిపెట్టాడు.

"ఇది వాచీ అనుకుంటున్నావా అల్లుడూ? ఆస్తి. స్విట్జర్లాండు సరుకు. పొలానికైతే సరిహద్దు తగాదాలు, చెరువుకైతే రోగాలు. దీనికేముంది చెప్పు? చేతికి పెట్టుకుంటే చాలు, ఏటేటా రేటు దానంతటదే పెరుగుద్ది."

"మరి మీరెందుకు అమ్ముతున్నారు మావయ్యా?" అని అడిగి ఉండవలసింది. అడగలేదు. ఆయన చెరువులో చేపలు చచ్చి తేలిపోయాయనీ, డబ్బుకు అల్లాడుతున్నాడనీ తరవాత తెలిసింది. "బయటివాడికి ఇవ్వడానికి మనసొప్పట్లేదు. నువ్వు కాబట్టి, ఇంటి ధరకి ఇస్తాను" అన్నాడు. నేను నెట్ సెంటరుకు పరిగెత్తి, గంటసేపు కూర్చుని చూశాను. ఎవరో దొరగారు ఎప్పుడో కొన్న వాచీ వేలంలో ఇరవై రెట్లకు పోయిందని ఉంది. అది వేరే కంపెనీది, వేరే కాలంనాటిది. అయితేనేం, వాచీ వాచీయే కదా అనుకున్నాను. మర్నాడు బ్యాంకుకెళ్ళి షాపు తాలూకు డబ్బంతా తీసేశాను. అక్కకు చెప్పలేదు. రెట్టింపయ్యాక చెప్పి ఆశ్చర్యపరుద్దామని (ఆశ్చర్యపరచడం మాత్రం జరిగింది).

అక్కణ్ణుంచి నా అవస్థ మొదలైంది. అది చేతి కదలికకు నడిచే వాచీ. తీసి పక్కన పెడితే ఒకటిన్నర రోజుకు ఆగిపోతుంది. ఆగితే లోపల తుప్పు పడుతుందని నా భయం. పెట్టుకుంటే గీతలు పడతాయి, గీత పడితే రేటు పడుతుంది. ఇంట్లో దాస్తే అక్క చూస్తుంది, బయట దాస్తే దొంగలు. పోనీ పెట్టుకుని తిరుగుదామంటే నా పనంతా చెరువు నీళ్ళలో. రాత్రి నిద్ర పట్టేది కాదు, దిండు కింద వాచీ ఉందో లేదో తడుముకునేవాణ్ణి. ఆదివారం వచ్చిందంటే నెట్ సెంటరులో చేరి రేటు చూసేవాణ్ణి. కాస్త పెరిగితే ఇంకా పెరుగుతుందేమోనని ఆరాటం, తగ్గితే ఇంకా తగ్గుతుందేమోనని దడ. పెరగకుండా తగ్గకుండా ఉంటే, కంప్యూటరు పాడైందేమోనని పక్క కంప్యూటరులో చూసేవాణ్ణి.

ఇలా రెండు నెలలు అల్లాడాక, చివరికి ఓ ఉపాయం తట్టింది. మందుల షాపులో సాగే గుడ్డకట్టు ఒకటి కొని, వాచీ మీదుగా అరచేతి నుంచి మోచేతి దాకా చుట్టేశాను. గీతలు పడవు, ఎవరికీ కనిపించదు, చేతి మీదే ఉంటుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. "బండి మీంచి జారాను, చిన్న బెణుకు" అని ఇంట్లో చెప్పాను.

అక్క కంగారు పడిపోయింది. ఎముకకు బలమని ఎక్కణ్ణుంచో నల్లేరు తెప్పించి పచ్చడి చేసింది. దురద పెట్టే ఆ పచ్చడి రోజూ తిన్నాను. తినేది కుడిచేత్తోనే అయినా, "నువ్వు కదలకు" అని అన్నం తనే కలిపి ముద్దలు పెట్టేది. "కట్టు మారుస్తాను, ఇలా రా" అన్నప్పుడల్లా నేను పెరటి గుమ్మంలోంచి మాయమయ్యేవాణ్ణి. ముద్ద గొంతు దిగేది కాదు. అది నల్లేరు మహిమో, నా మనస్సాక్షి మహిమో అప్పట్లో తేల్చుకోలేకపోయాను.

ఇలా మూడు వారాలు గడిచాయి. కొల్లేటి లంక గ్రామం ఒకదానిలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన చెరువుకు నేనే మందులిచ్చేవాణ్ణి. పండగకీ పబ్బానికీ మా ఇంటికి చేపలు పంపేంత అభిమానం. ఆ రోజు దోనెలో నన్ను చెరువు గట్టుకు తీసుకెళ్తూ నా కట్టు వంకే చూశాడు.

"ఇన్నాళ్లయినా కట్టు ఇప్పలేదేంటండీ బాబూ?"

"తగ్గిపోతుందండి."

"తగ్గుద్దని ఊరుకుంటే చెయ్యి వంకరపోద్దండి. మా బాబాయి ఎముకలు సర్దుతాడు. పక్క లంకేనండి."

"ఒద్దండి, నాకు పనుంది."

"పనికి చెయ్యుండాలి కదండీ!" అంటూ ఆయన దోనె తిప్పేశాడు. నాకు ఈత రాదు. దూకే అవకాశం లేదు.

వాళ్ళ బాబాయి పాక ముందు మంచం మీద కూర్చోబెట్టారు. నేను లేచాను. మళ్ళీ కూర్చోబెట్టారు. "నొప్పికి భయపడుతున్నాడు పాపం" అని చుట్టుపక్కల ఆడవాళ్ళు జాలిపడ్డారు. ఇద్దరు భుజాలు పట్టుకున్నారు. ముసలాయన ఓపిగ్గా చుట్టు మీద చుట్టు విప్పాడు. ఆఖరి చుట్టు ఊడేసరికి ఎండకు వాచీ తళుక్కుమంది. భుజాలు పట్టుకున్నవాళ్ళు చేతులు వదిలేశారు. ముసలాయన మాత్రం వృత్తి ధర్మం తప్పకుండా నా మణికట్టు అటూ ఇటూ తిప్పి, వేళ్ళు లాగి, వాచీ మీద చెయ్యి ఆనించి చూశాడు.

"ఎముక బానే ఉందండి. వాచీకే కాస్త ఒళ్ళు వెచ్చబడింది" అన్నాడు.

లంకంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఏడవడం బాగుండదు కనక. పెద్దాయన మంచి మనిషి, నేను ఇల్లు చేరేలోపు మా అక్క మనసు కుదుటపడాలని కైకలూరు వెళ్ళి ఫోను చేశాడట. "మీ తమ్ముడి చేతికి ఏం కాలేదమ్మా, దిగులెట్టుకోకండి. కట్టులోపల ఖరీదైన వాచీ ఉందండి, అంతేనండి."

నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి అక్క మిషను దగ్గర కూర్చుని ఉంది, తొక్కడం లేదు.

"షాపు డబ్బులేనా?" అంది.

"రెట్టింపవుద్దక్కా..."

"నన్ను ఒక్క మాట అడిగుంటే బాగుండేది రా. ఒద్దనేదాన్ని. అందుకే అడగలేదు కదూ?"

తిడితే తేలికగా ఉండేది. ఆ పూట అన్నం పెట్టింది గానీ కలపలేదు. నాకు చెయ్యి బాగానే ఉంది కదా మరి.

మర్నాడు ఇద్దరం ఏలూరు బజారులో వాచీలు బాగుచేసే సాయిబు గారి దగ్గరకు వెళ్ళాం. ఆయన కంటికి భూతద్దం బిగించి, వెనక మూత తెరిచి, చాలాసేపు చూశాడు. నేను బల్ల అంచు గోళ్ళతో గీకుతూ నిలబడ్డాను.

"అసలైన సరుకేనమ్మా. పెట్టె, కాగితాలు ఉన్నాయా?" అని అక్కను అడిగాడు.

లేవు.

"మరి ఎంతకి పోద్దండి?" అన్నాను.

"రేటు పెరిగే వాచీలు లేవని అననండి. ఏవో కొన్ని రకాలుంటాయి. అవి మనలాంటోళ్ళకి దొరకవు. తక్కినవి కొట్టు గడప దాటితే చాలు, సగం ధర. నాలుగైదేళ్ళకోసారి విప్పి నూనె వెయ్యాలి, దానికి ఖర్చు. ఇది మంచి వాచీ బాబూ, గొప్ప వాచీ. కానీ మీరు వాచీ కొన్నారా? కాదు, రేటు కొన్నారు." ఆయన మూత బిగించి తుడిచి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. తాడేపల్లిగూడెంలో వాచీల పిచ్చి ఉన్న రైసుమిల్లు ఆసామి ఒకాయన ఉన్నాడనీ, వెళ్ళి చూడమనీ చెప్పాడు.

ఆ మిల్లు ఆసామి నన్ను ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, సొరుగు లాగాడు. లోపల వరసగా వాచీలు. నా వాచీ చూపించేలోపే ఆయన ఆశగా అడిగాడు: "వీటిలో ఏదైనా తీసుకుంటారాండీ? మీరు కుర్రాళ్ళు, ముందు ముందు రేటు పెరుగుద్ది."

నేను అమ్మడానికి వచ్చానని చెప్పాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ముందు ఆయనకే నవ్వొచ్చింది. "ఇష్టపడి కొన్నానండి, అందుకే బాధలేదు. లాభానికి కొనుంటే ఈపాటికి మిల్లు పోయేది" అన్నాడు. మావయ్యకు నేనిచ్చిన దాంట్లో సగానికి కాస్త పైన ఇస్తానన్నాడు. బేరమాడే ఓపిక నాలో లేదు. చెక్కు ఎవరి పేరున రాయమంటారని అడిగితే మా అక్క పేరు చెప్పాను. ఆ మూడు నెలల్లో నేను తడుముకోకుండా చేసిన పని అదొక్కటే.

(ఈ మధ్య కుతూహలం కొద్దీ ఆ వాచీ ధర చూశాను. పెరిగింది. పెరుగు ప్యాకెట్టు కూడా పెరిగింది.)

గూడెం స్టేషన్లో మధ్యాహ్నం ప్యాసింజరు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఎడమచెయ్యి గాలిలా ఉంది. బండి కదిలింది. భీమడోలు వస్తే చల్లగాలి వస్తుందనుకోవడం వరకే గుర్తుంది. ఎవరో భుజం తడితే కళ్ళు తెరిచాను. ఎదురుగా నల్లకోటు టికెట్ కలెక్టరు, బయట బెజవాడ ప్లాట్‌ఫారం.

"ఏలూరు టికెట్టుతో ఇక్కడిదాకా వచ్చారేంటండీ?"

"నిద్ర పట్టిందండీ!" అన్నాను, పెళ్ళి కుదిరిందని చెప్పినంత సంతోషంగా. ఆయన నన్ను ఎగాదిగా చూసి జరిమానా రాశాడు. అంత హాయిగా నేను కట్టిన డబ్బు జీవితంలో మరొకటి లేదు.

స్టేషను బయట బూత్ నుంచి ఇంటికి ఫోను చేశాను.

"అమ్మావా? ఎక్కడున్నావురా?" అక్క గొంతులో ఆదుర్దా.

"అమ్మాను. బెజవాడలో ఉన్నాను. రైల్లో నిద్రపోయానక్కా."

అటునుంచి అక్క నవ్వడం వినిపించింది. అన్ని రోజుల తరవాత మొదటిసారి. మీటరు తిరుగుతూనే ఉంది, ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. షాపు మరో రెండేళ్ళకు గానీ తెరవలేకపోయాం, అదీ ఒకే షట్టరు గదిలో సగం పంచుకుని. అయినా ఇప్పటికీ ఎవరైనా "దేంట్లో పెట్టమంటారండీ?" అని సలహా అడిగితే, బూత్ అద్దాలకు తల ఆనించి నవ్వుతున్న ఆ కుర్రాడే కళ్ళముందు మెదులుతాడు. వాడి మీద కోపం తెచ్చుకుందామని ఎన్నోసార్లు చూశాను. రావడం లేదు.