సంతకం పెట్టని మేడమ్

మా ట్రైనింగ్ మేడమ్ ఇక లేరని మొన్న మంగళవారం డ్యూటీ మారే వేళ తెలిసింది. జబ్బు చేసి నాలుగు నెలల క్రితం కాకినాడ వెళ్లిపోయిన మనిషి. వార్డులో ఒక్క క్షణం అందరం ఆగాం. తర్వాత మందుల ట్రాలీ కదిలింది. సాయంత్రం ఆస్పత్రివాళ్లు పెట్టిన నోటీసులో ఆమె ఎందరికో సర్టిఫికెట్లు ఇచ్చారని రాశారు. నాకు ఒళ్లు మండింది. ఇవ్వనని మొండికేసిన వాటి గురించి ఒక్క ముక్క లేదు.

అందులో ఒకటి నాది.

బహ్రెయిన్‌లోని ముహర్రక్‌లో మాదొక ప్రైవేటు ఆస్పత్రి. నర్సులకు పాఠం చెప్పే నర్సులను తయారుచేయడం ఆమె పని. ఏ వైద్యమైనా అలవాటు కొద్దీ కాక, పరిశోధనలో తేలినదాన్ని చూసి చెయ్యాలన్నది ఆ పాఠం. మేం ఒక్కొక్కరం పాఠం చెబుతుంటే ఆమె వెనక వరసలో చెప్పులు విడిచి కూర్చుని, ఏమీ తెలియని విద్యార్థిలా ప్రశ్నలు వేసేవారు. నా వంతు వచ్చినప్పుడు, మంచం పట్టిన రోగి వీపు ఎర్రబడితే స్పిరిట్, పౌడరు వేసి గట్టిగా రుద్దాలని చెప్పాను.

"ఎందుకమ్మా?"

"మా కాలేజీలో అలాగే నేర్పారండి."

"అది జ్ఞాపకం, ఆధారం కాదు. ఎర్రబడిన చోట రుద్దితే చర్మం ఇంకా దెబ్బతింటుందని తేలి ఏళ్లయింది. చదువుకుని రా."

అప్పటికే ఆస్పత్రివాళ్లు ఐదు రోజుల శిక్షణను ఒక పూటకు కుదించారు. సర్టిఫికెట్లు చూసే ప్రభుత్వ తనిఖీ దగ్గరపడటంతో మేనేజరు వచ్చి, "యల్లా సిస్టర్, కానివ్వండి, సంతకం పెట్టేయండి, ఖలాస్," అన్నాడు. ఆమె పెన్ను మూత తియ్యలేదు.

"ఈ అమ్మాయి పదిమందికి తప్పు నేర్పితే, వాళ్లు ఎన్ని వీపులు రుద్దుతారండీ?"

ఆ సంతకం లేక, నాకు రావాల్సిన ఇన్‌స్ట్రక్టర్ పోస్టు చేజారింది. రెండు వారాలు ఆమెతో మాట్లాడలేదు. చివరికి ఆమే క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని, "రోగి వీపుకి నీ సర్టిఫికెట్ చదవడం రాదమ్మా," అన్నారు. ఆరు నెలలు నాతో చదివించాకే సంతకం పెట్టారు.

ఆమె వెళ్లాక ట్రైనింగ్ మేడమ్ పోస్టు భర్తీ చెయ్యలేదు. ఇప్పుడు శిక్షణంటే ఫోన్లో వీడియో, చివర నాలుగు ప్రశ్నలు. తప్పైతే మళ్లీ నొక్కొచ్చు. అందరూ పాసే. శిక్షణ మళ్లీ పెట్టమని రెండుసార్లు అడిగితే మేనేజరు, "మేడమ్ లేరు కదా," అన్నాడు. మనిషి పోతే పని కూడా పోవాలా? అతని మీద కన్నా నా మీదే నాకు ఎక్కువ కోపం. శిక్షణ కుదించవద్దని ఆమె ఒంటరిగా వాదించిన మీటింగుల్లో నేనూ ఉన్నాను. నోరు విప్పలేదు.

నిన్న శుక్రవారం, ఎవరినీ అడక్కుండా, గ్లవ్స్ పెట్టెలతో నిండిపోయిన ట్రైనింగ్ రూములో ఏడుగురిని కూర్చోబెట్టాను. గాయానికి కట్టు మూడు రోజులకు మార్చాలని చెబుతుంటే, కరీంనగర్ నుంచి కొత్తగా వచ్చిన సిస్టర్ చెయ్యెత్తింది.

"అక్కా, మూడు దినాలకే మార్చాల్నని మీకెట్ల ఎరుక?"

పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చానేమో, చిరాకేసింది. నోట్సు తిరగేశాను. పేజీలన్నీ అయిపోయాయి, ఆధారం ఎక్కడా రాసి లేదు. తలెత్తి చూస్తే ఆ సిస్టర్ చెయ్యి ఇంకా పైనే ఉంది.