నూటయాభై మందికి వంద గ్లాసులు

ఆ రోజుల్లో నా జీతం చిన్నది, నడుం సన్నది, నోరు మాత్రం చాలా పెద్దది. శ్రీకాకుళంలో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరి ఇంకా ఏడాది నిండలేదు. ఇరవై నాలుగేళ్ల వయసులో మనిషికి ఏదో ఒక పిచ్చి పట్టుకోవడం సహజం. నా తోటివాళ్లని క్రికెట్టో, కొత్త ఫోనో, ఎదురు సీట్లో అమ్మాయో పట్టుకుంటే నన్ను ప్లాస్టిక్ పట్టుకుంది. అదీ మురిక్కాలవలోంచి లేచి వచ్చి మరీ పట్టుకుంది.

ఆ ఏడు వానలకి మా వీధి కాలువ పూడిపోయి నీళ్లు గుమ్మం దాటి ఇంట్లోకి వచ్చేశాయి. నేనూ నాన్నా గునపాలు తీసుకుని కాలువలోకి దిగాం. నాన్న బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. కిక్కిరిసిన బస్సుల్లో అరిచి అరిచి, ఆయన ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరికి వినపడేది. ఇద్దరం కలిసి లాగుతుంటే ఆకుపచ్చ పాల ప్యాకెట్లు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి, వస్తూనే ఉన్నాయి. గట్టుమీద నిలబడి చూస్తున్న ఎదురింటి అత్త బుగ్గన చెయ్యి పెట్టుకుంది. “ఓలమ్మ! ఇయి మీయే కదేటి? ఈదిలో ఆకుపచ్చ పేకెట్టు కొనేది మీరొక్కలే!” మునిగిన ఇళ్లవాళ్లంతా మా వైపు చూశారు. మోకాలి లోతు బురదలో నిలబడి, చేతినిండా సాక్ష్యాలు పట్టుకుని, ఏమని బుకాయిస్తాం?

ఆ రాత్రే ఒక అట్టమీద పెద్ద అక్షరాలతో నియమాలు రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. పాలు ప్యాకెట్లో కొనరాదు. బజారుకి గుడ్డసంచి లేకుండా వెళ్లరాదు. కూరగాయల తొక్కలు వీధిలో పారవేయరాదు. వాడి పారేసే గ్లాసు గానీ కంచం గానీ ఇంట్లో అడుగుపెట్టరాదు. (భాష చూశారుగా, ఆఫీసులో సర్క్యులర్లు టైపు చేసే చెయ్యి.) అమ్మ అంతా చదివి, “బాగున్నాదిరా. సెప్పినోడే సెయ్యాల” అని ఒక్క ముక్కతో తేల్చేసింది.

అప్పటినుంచి తెల్లారకుండానే లేచి, స్టీలు క్యాను పట్టుకుని, నాలుగు వీధుల అవతల గేదెలున్న ఇంటికి పాలకి పోయేవాణ్ని. చేపల బజార్లో గుడ్డసంచి చాపితే చేపలమ్మి నన్ను కిందినుంచి పైదాకా చూసి, “ఏటి బావూ, సేపని గుడ్డలో సుడతావా, పురిటి గుంటనాగ?” అంది. (గుంట అంటే మా వైపు పసిపిల్ల.) చుట్టే తీసుకెళ్లాను. ఆటోలో నా పక్కన కూర్చున్నాయన పంచె మీద ఏం కారిందో, దిగేదాకా ఆయన నన్ను ఏమన్నాడో ఇక్కడ రాయను. మర్నాటినుంచి మూతున్న స్టీలు డబ్బా పట్టుకెళ్లాను. మేడమీద కుండలో ఎరువు మొదలుపెట్టి, ఉత్సాహంకొద్దీ చేప తలకాయలు కూడా అందులో వేశాను. (మధ్యమధ్య ఎండుటాకులు పొరలుగా వెయ్యాలనీ, చేపలు వెయ్యకూడదనీ పుస్తకం రెండో పేజీలో ఉంది. నేను మొదటి పేజీతోనే రంగంలోకి దిగాను.) మూడో రోజుకి ఊళ్లో పిల్లులన్నీ మా మేడమీద మహాసభ పెట్టాయి. కుండ కడిగి మళ్లీ మొదలుపెట్టాను. కొన్ని నెలలకి ఎరువు నల్లగా, పొడిపొడిగా దిగింది. అమ్మ గుప్పెడు తీసి వాసన చూసి గోంగూర మడిలో వేసుకుంది. మా ఇంట్లో దాన్ని సన్మానం అనే అంటారు.

అంతలో మా అప్పకి (మా వైపు అక్కని అలాగే పిలుస్తాం) కొడుకు పుట్టాడు. బారసాల మా ఇంట్లోనే. నూటయాభై మంది భోజనాలు. విజయనగరం నుంచి మా బావ నాలుగు అట్టపెట్టెల నిండా ప్లాస్టిక్ గ్లాసులు మోసుకుని ముందురోజే దిగాడు. నేను గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను.

“బావా, ఇయి ఇంట్లోకి రావు.”

“ఒరే బామ్మర్దీ, తాగి పడేస్తే పనైపోతాది కదరా. నూటయాభై మంది తాగిన గలాసులు ఎవుడు తోముతాడు?”

“తోమించడానికి ఇద్దర్ని మాటాడినాను. అడ్డాకుల విస్తర్లు, టెంటు హౌసు నుంచి వంద స్టీలు గలాసులు. అంతా అయిపోనాది.”

“నూటయాభై మందికి వంద గలాసులా?”

“అందరూ ఒక్కసారే తాగుతారేటి?” అన్నాను. ఈ లెక్క నాకు అప్పుడు చాలా తెలివైనదిగా కనిపించింది.

నాన్న పడక్కుర్చీలోంచే తీర్పు చెప్పాడు. “సరే, ఆడు సెప్పినట్టే కానీండి. కానీ ఒక్క సుట్టం నీళ్లకోసం సెయ్యి సాపి కూకున్నాడో, ఫ్రిజ్జి మీద అట్ట నానే సింపుతాను. ఇంకెప్పుడూ ఆ ఊసెత్తకూడదు.” బావ నవ్వుకుంటూ పెట్టెలు తీసుకెళ్లి అటకమీద పెట్టాడు.

బారసాల రోజు పొద్దున్న పది గంటలకి ఫోనొచ్చింది. గ్లాసులు తోమడానికి వస్తామన్న ఇద్దరూ తోటికోడళ్లు. వాళ్ల అత్తగారు జారిపడితే ఇద్దరూ ఆస్పత్రిలో ఉన్నారు. నేను ఆ మాట ఎవరికీ చెప్పలేదు. కొత్త తెల్లచొక్కా విప్పి దండెం మీద వేసి, లుంగీ ఎగ్గట్టి, పెరట్లో కుళాయి దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను. మొదటి బంతి దాకా దర్జాగానే సాగింది. రెండో బంతి లేచేసరికి గ్లాసులు గంపలతో వచ్చిపడ్డాయి. మజ్జిగ తాగినవి, పాయసం తాగినవి, ఆవకాయ వేళ్లతో పట్టుకున్నవి. తోముతున్నాను, కడుగుతున్నాను, లోపలికి పంపుతున్నాను. పంపినవి నా వీపు తిరిగేలోపే మళ్లీ వస్తున్నాయి.

ఆ సమయంలో చేతులు కడుక్కోవడానికి ఒక పెద్దావిడ పెరట్లోకి వచ్చింది. పట్టుచీర, నెమ్మదైన మనిషి. కాసేపు నా పని చూసి ముచ్చటపడింది. “ఎంత సుబ్బరంగా తోముతన్నావు బావూ! వచ్చే నెల మా ఇంట్లో సత్తెనారాయణ వ్రతం ఉన్నాది. వస్తావేటి?”

నేను తలెత్తకుండానే, “సెలవు దొరికితే వస్తానమ్మా” అన్నాను.

“సెలవేటి? ఎక్కడ పని సేస్తన్నావు?”

జవాబు చెప్పేలోపే ఆవిడ వెనకే ఆవిడ భర్త, అంటే మా ఆఫీసు పెద్దసారు, ప్రత్యక్షమయ్యాడు. నాకు సెలవు ఇవ్వాల్సిన మనిషి ఆయనే. నేనే స్వయంగా, శుభలేఖ మీద పేరు రాసి, ఇంటికెళ్లి పిలిచిన మనిషి. ఆయన నా సబ్బు చేతుల్నీ, బనీనునీ, లుంగీనీ చూసి, “ఏటయ్యా, నువ్వేటి ఇక్కడ?” అన్నాడు. ఆవిడ నోటిమీద చెయ్యి వేసుకుంది. నేను లేచి నమస్కారం పెట్టబోయాను. చేతిలో గ్లాసు జారి ఆయన కాళ్ల దగ్గర గిరగిరా తిరిగింది.

సరిగ్గా అప్పుడే లోపల్నుంచి కేక. “మూడో బంతి కూకున్నారు! గలాసుల్లేవు!” మరుక్షణం బావ అట్టపెట్టెతో పెరటి గుమ్మంలోకి వచ్చాడు. ఒక పక్క టేపు అప్పుడే ఊడింది. “సాల్లేరా. సుట్టాలు గొంతులెండి కూకున్నారు. తప్పుకో.”

నిజం చెప్పాలంటే నా నడుం విరిగిపోతోంది. వేళ్లు నానిపోయి ముడతలు పడ్డాయి. పెద్దసారు ముందు పోవాల్సిన పరువు ఎలాగూ పోయింది. అయినా ఎక్కడినుంచి వచ్చిందో పట్టుదల, తడి చేతుల్తోనే ఆ పెట్టె మూత నొక్కిపట్టాను. “బావా, ఇంత దూరం వచ్చినాక తెరవనివ్వను. అయిదు నిమిషాలియ్యి” అన్నాను. బావ ఆగాడు.

గొడవ విని నాన్న వచ్చాడు. నన్ను చూశాడు, పెట్టెని చూశాడు, గంపలో గ్లాసుల గుట్టని చూశాడు. ఇంక ఫ్రిజ్ దగ్గరికి వెళ్తాడనుకున్నాను. ఆయన పంచె ఎగ్గట్టి, ఇంకో పీట లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. “జరుగు. నువ్వు తోము, నాను కడుగుతాను” అన్నాడు. రెండు గ్లాసులు కడిగాడో లేదో, ఇలాగైతే తేలదని ఆయనకి అర్థమైంది. తల వెనక్కి తిప్పి, బస్సుల నాటి కండక్టరు గొంతు పూర్తిగా విప్పాడు. “తిన్నోలు తిన్నట్టే కూకుంటే ఎలగ? ఎవులి గలాసు ఆలు ఒట్టుకుని ఎనక్కి రండి! కడిగి పక్కోడికియ్యండి! జరగండి, జరగండి, బేగి జరగండి!”

ఆ గొంతు విని కదలని మనిషి మా జిల్లాలో లేడు. చుట్టాలంతా గ్లాసులు పట్టుకుని వరసలో పెరట్లోకి వచ్చేశారు. ఎదురింటి అత్త కొంగు దోపి రెండో కుళాయి దగ్గర నిలబడింది. పెద్దసారు భార్య పట్టుచీర అంచు ఎత్తి పట్టుకుని గ్లాసులు తుడిచి అందించింది. పెద్దసారు తన గ్లాసు తనే కడుక్కుని, వెలుతురుకి ఎత్తి ఫైలు చూసినట్టు చూసి, “బాగానే ఉన్నాది” అని సంతకం ఒక్కటే తక్కువగా పక్కవాడికి ఇచ్చాడు. మూడో బంతి లేచేసరికి భోజనాల సందడంతా కుళాయి దగ్గరికే చేరింది. బావ పెట్టె పక్కన పెట్టి, చొక్కా చేతులు మడిచి, “ఎటు ఎళ్లినా మీ ఇంట్లో తోముడు తప్పదురా” అని గొణుక్కుంటూ నీళ్లు పట్టాడు. ఆ పెట్టెలు తెరవకుండానే షాపుకి తిరిగి వెళ్లిపోయాయి.

ఇంత గెలిచాక మనిషి ఊరుకుంటాడా? మర్నాడు పొద్దున్న మేనల్లుడి ఉయ్యాల కింద వాడి పారేసిన డైపర్ల గుట్ట చూసి, “అప్పా, ఇయి కూడా...” అని నోరు తెరిచాను. అప్ప ఒక్క చూపు చూసి, పాత నూలు గుడ్డలు తెచ్చి నా ఒళ్లో పడేసింది. “సరే. రోజుకి పన్నెండు. నువ్వే ఉతుకు.” నాలుగు రోజులు ఉతికాను. అయిదో రోజు ఆఫీసులో అర్జెంటు పని పడింది. (పడలేదు. నేనే పెట్టుకున్నాను.)

ఇప్పుడు నా నడుం సన్నగా లేదు, నోరు కూడా అంత పెద్దది కాదు. కుండలో ఎరువూ, చేతిలో గుడ్డసంచీ అలవాటై మిగిలిపోయాయి. వాటికోసం ఎవరితోనూ దెబ్బలాడక్కర్లేదు. మొన్న ఒక పెళ్లిలో ఎవరో చేతిలో ప్లాస్టిక్ గ్లాసు పెడితే, మొహమాటపడి తాగేశాను. ఆ ఇరవై నాలుగేళ్ల కుర్రాడు అక్కడే ఉండుంటే నన్ను నలుగురిలో నిలబెట్టి కడిగేసేవాడు. వాడి వాగుడు ఇంకోసారి భరించడం నావల్ల కాదు గానీ, పెట్టె మూతమీద గట్టిగా నొక్కిపట్టిన ఆ తడి చేతుల్ని మాత్రం ఒక్క పూటకి అప్పిస్తాడేమో అడగాలనిపించింది.