సరిత మేడం చెప్పిన రింగు రోడ్డు పాఠం

సాయంత్రం నుంచి అసూయతో ఉడికిపోతున్నాను. శంషాబాద్‌లో మా కాలేజీలో నేను, సరిత ఇద్దరం బయాలజీ చెబుతాం. మా అమ్మాయి సింధు సరిత సెక్షన్‌లో చదువుతుంది. బ్యాక్టీరియాలో గుండ్రటి క్రోమోజోమ్ నకలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నిన్న ఇంట్లో దానికి బొమ్మలు గీసి మరీ చెప్పాను. ఆవులించింది.

ఈ రోజు కాలేజీ నుంచి పరుగున వచ్చి అదే పాఠం నాకే చెప్పింది.

“అమ్మా, క్రోమోజోమ్ అంటే మన రింగు రోడ్డు లెక్క! శంషాబాద్ కాడ మొదలువెట్టి నకలు తీసే రెండు బండ్లు చెరో దిక్కు పోతయి. అవతల మేడ్చల్ కాడ కలుస్తయి. నకలు అయిపోయినట్టే. సరిత మేడం మస్తు చెప్పింది!”

“ఒక బండి ముందే చేరితే?” అన్నాను, ఎక్కడైనా తడబడుతుందేమోనని.

“ఆడ్నే ఆగి రెండోదాని కోసం చూస్తది. గిది నీకు ఎర్క లేదా?”

ఎరుకే. నిన్న నేనూ అదే చెప్పాను. కానీ అప్పుడు దాని మొహంలో ఈ వెలుగు లేదు. టీ ఇస్తూ, సరిత బోర్డు మీద వంకరగా రాస్తుందని అన్నాను. అది విననే లేదు.

రేపు నా సెక్షన్‌లో ఇదే పాఠం. ఆ ఉదాహరణ సరితను అడిగి వాడుకోవాలా, అడగకుండానా? మీరైతే ఏం చేస్తారు?