లెక్కలోకి రాని పొగ

సందు చివర రొట్టెల బట్టీ నడిపే ఆయన పొద్దున్నే కట్టెలు పేర్చి, అగ్గిపెట్టె పట్టుకుని, మెడ వెనక్కి వంచి పైవాటా కిటికీ వైపు చూస్తాడు. అక్కడుండే పెద్దమ్మకి ఉబ్బసం. “పెద్దమ్మా, వెలిగించనా?” అంటాడు. ఆవిడ తీగ మీది బట్టలు తీసుకుని, “పొగకైతే కిటికీ మూసుకుంటాను, నీ కూనిరాగాలకి ఏం మూసుకోను?” అంటూ కిటికీ తలుపు వేసుకుంటుంది. అప్పుడుగానీ ఆయన పుల్ల గీయడు. దీనికి పర్యావరణ స్పృహ అని పేరు పెడితే ఆయనే నవ్వుతాడు. ముంజేతుల మీద వెంట్రుకలు ఎప్పుడో కాలిపోయాయి. కనుబొమల్లో పిండి మాత్రం ఎంత కడిగినా పోదు.

పొగ వదిలే ప్రతివాడూ అనుమతి తీసుకోవాలని ఎవరో చెప్పినప్పటినుంచి ఆయనకి ముద్ద దిగలేదు. బట్టీ మూతపడితే ఆ చేతులకి మరో పని రాదు. చివరికి కాలుష్యం ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. పొగగొట్టం చూసింది, కట్టెలు తిరగేసింది, వేడి రొట్టె కొనుక్కుని తింటూ తేల్చేసింది: “ఇంత చిన్నదానికి అనుమతి అక్కర్లేదు బాబాయ్. నీ పొగ మా లెక్కలోకే రాదు. ఎవర్నీ అడక్కుండా హాయిగా వెలిగించుకో.” ఆ పూట ఆయన కడుపునిండా తిన్నాడు. మర్నాడు పొద్దున్న మళ్లీ మెడ వంచి, “పెద్దమ్మా, వెలిగించనా?” అన్నాడు. “పెద్దాఫీసే వదిలేసిందటగా, ఇంకా నన్నడగడం ఎందుకురా?” అంది ఆవిడ. “వాళ్ల దుప్పట్లు ఇక్కడ ఆరేసి లేవుగా. ముందు నీ దుప్పటి తియ్యి” అన్నాడు. ఆవిడ ఆయాసపడుతూ, మధ్యమధ్య ఆగుతూ, దుప్పటి మడతపెట్టింది. కింద ఆయన గీయని అగ్గిపుల్ల పట్టుకుని, కూనిరాగం తీస్తూ నిలబడ్డాడు.